మన రక్తానికి లెక్క ఎవరు రాస్తున్నారు?

రాజోలు, అమలాపురం, కొత్తపేట వైపు దళిత పేటల నుంచి కువైట్, మస్కట్, దుబాయ్‌లకు ఇంటిపనికి వెళ్లే మహిళలకు ఒక తంతు బాగా తెలుసు. వీసా రావాలంటే ముందు రక్తం ఇవ్వాలి. ఆ రక్తంలో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి ఉన్నాయేమో చూస్తారు. చివరికి చేతికొచ్చేది ఒక్క మాట: ఫిట్ లేదా అన్‌ఫిట్. ఫిట్ అయితే విమానం ఎక్కాలి, అన్‌ఫిట్ అయితే ఇంటికి పోవాలి. ఆ పరీక్ష యజమాని కోసం జరిగింది, ఆమె కోసం కాదు.

ఈ వైరస్‌లకూ రక్త క్యాన్సర్లకూ ఉన్న సంబంధం గురించి పేటల్లో మాట్లాడినప్పుడల్లా మాకు రెండు ప్రశ్నలు ఎదురవుతున్నాయి. వైరస్ ఉంటే క్యాన్సర్ వస్తుందా? మన ప్రాంతంలో ఎక్కువగా వస్తోందా? మొదటి ప్రశ్నకు సైన్స్ దగ్గర జవాబుంది. రెండోదానికి జవాబు చెప్పాల్సింది ప్రభుత్వం.

లుకేమియా, లింఫోమా, మైలోమాలను కలిపి రక్త క్యాన్సర్లు అంటాం. కొన్ని వైరస్‌లు నేరుగా తెల్ల రక్తకణంలో దూరి, అది అదుపు లేకుండా పెరిగేలా చేస్తాయి. ఎప్‌స్టీన్-బార్ వైరస్, హెచ్‌టీఎల్‌వీ-1 ఈ రకం. హెచ్‌ఐవీ దారి వేరు. అది రోగనిరోధక శక్తిని దెబ్బతీస్తుంది, అప్పటిదాకా అణిగి ఉన్న ఎప్‌స్టీన్-బార్ లాంటివి విజృంభించి లింఫోమాకు దారి తీస్తాయి. హెపటైటిస్ సి ఏళ్ల తరబడి రోగనిరోధక కణాలను రెచ్చగొడుతూనే ఉంటుంది. హెపటైటిస్ బి ముఖ్యంగా కాలేయ క్యాన్సర్‌కు కారణమైనా, లింఫోమాతోనూ దానికి సంబంధం ఉందని అధ్యయనాలు సూచిస్తున్నాయి.

అయితే వైరస్ ఉన్నంత మాత్రాన క్యాన్సర్ రాదు. ప్రపంచంలో పెద్దవాళ్లలో 90 శాతానికి పైగా ఒంట్లో ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఉంది. వాళ్లలో క్యాన్సర్ వచ్చేది బహు కొద్దిమందికే. పైగా రక్త క్యాన్సర్ ముట్టుకుంటే అంటుకునే జబ్బు కాదు, కంచం కలిస్తే వచ్చేదీ కాదు. టీ కొట్లో మనకు వేరే గ్లాసు పెట్టిన నేల మీద ఈ మాట గట్టిగా చెప్పుకోవాలి. వైరస్ పేరుతో కొత్త గ్లాసు తయారు కానివ్వకూడదు.

మరి కొన్ని ప్రాంతాల్లోనే ఈ క్యాన్సర్లు ఎందుకు ఎక్కువ? ఉగాండాలో పనిచేసిన సర్జన్ డెనిస్ బర్కిట్, పిల్లల దవడల్లో వచ్చే ఒక లింఫోమా గురించి 1958లో రాశాడు. ఆ తర్వాత ఆసుపత్రులకు ఫొటోలతో కరపత్రాలు పంపి, ఇలాంటి కణితి మీ దగ్గర చూశారా అని అడిగాడు. 1961లో పాత కారులో దాదాపు 10 వేల మైళ్లు తిరిగాడు. గీసిన మ్యాప్ చూస్తే ఆ జబ్బు వేడి, వాన ఎక్కువగా ఉన్న చోట్లే కనిపించింది. అవి మలేరియా ప్రాంతాలే. 1964లో ఆ కణితి కణాల్లోనే ఎప్‌స్టీన్-బార్ వైరస్ బయటపడింది. వైరస్ అన్నిచోట్లా ఉన్నా, పదేపదే మలేరియా బారిన పడే పిల్లలకే ముప్పు ఎక్కువైంది. అంటే వైరస్‌కు తోడుగా ఆ పిల్లలు బతికే పరిస్థితులు కూడా కారణమే.

జపాన్ నైరుతి ప్రాంతంలో హెచ్‌టీఎల్‌వీ-1 వల్ల ఒక రకం లుకేమియా వస్తుందని 1980ల మొదట్లో తేలింది. అది ఎక్కువగా తల్లిపాల ద్వారా బిడ్డకు చేరుతుంది. నాగసాకిలో 1987 నుంచి గర్భిణులకు పరీక్షలు చేసి, వైరస్ ఉన్న తల్లుల బిడ్డలకు వేరే పాలు అందేలా చూశారు. దాంతో బిడ్డలకు వైరస్ సోకడం సుమారు 20 శాతం నుంచి 3 శాతం లోపుకు పడిపోయింది. లెక్క తీయడం వల్లే ఆ గొలుసు ఎక్కడ తెంచాలో తెలిసింది.

ఇక కోనసీమ సంగతి. 2021 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ దేశ సగటుకు దాదాపు మూడు రెట్లు ఉంది. దీన్ని పట్టుకుని ‘కాబట్టి ఇక్కడ రక్త క్యాన్సర్లు ఎక్కువ, అదీ ఫలానా పేటలో’ అనేస్తే తప్పు. కొబ్బరిచెట్లు ఎక్కువున్న మండలం నుంచి కువైట్ వెళ్లినవాళ్లూ ఎక్కువే ఉండొచ్చు. అంతమాత్రాన చెట్లున్న ఇంటివాళ్లే వెళ్లారని కాదు కదా, చాలాసార్లు చెట్టు లేనివాళ్లే వెళ్తారు. ప్రాంతాల సగటులు పోల్చి మనుషుల మీద తీర్పు చెప్పలేం. పురుగుమందుల్లాంటి ఇతర కారణాలూ చూడాలి. లిండేన్ అనే పురుగుమందు లింఫోమాకు కారణమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో తేల్చింది. చేలో మందు కొట్టే కూలీ ఎవరో మనకు తెలుసు.

ఇవన్నీ విడదీసి చూడాలంటే ఒక ప్రాంతంలో ప్రతి కొత్త క్యాన్సర్ కేసునూ నమోదు చేసే రిజిస్ట్రీ ఉండాలి. దేశంలో ఈ కార్యక్రమం 1981లో మొదలైంది. 2020లో వచ్చిన జాతీయ నివేదికలో 28 ప్రాంతాల రిజిస్ట్రీల లెక్కలుంటే, తెలుగు నేల నుంచి ఉన్నది హైదరాబాద్ జిల్లా ఒక్కటే. కోనసీమ రోగి కాకినాడకో, విశాఖకో, హైదరాబాద్‌కో పోతాడు. ఆసుపత్రి పుస్తకంలో రోగిగా నమోదవుతాడు గానీ, తన ఊరి లెక్కలో చేరడు. 2022 ఏప్రిల్‌లో కోనసీమ వేరే జిల్లా అయింది. దానికి అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. ఆ పేరు నిలబడింది. ఆ పేరున్న జిల్లాలో మనుషుల ప్రాణాలకు లెక్క కూడా ఉండాలని అడగడం మన తర్వాతి పని.

ఏం అడగాలి? జిల్లాకు క్యాన్సర్ రిజిస్ట్రీ కావాలి. అందులో మండలం, వృత్తి, రోగి ఇష్టపడితే కులం నమోదు కావాలి. పేర్లు బయటికి రాకూడదు. లింఫోమా అని తేలిన ప్రతి ఒక్కరికీ కీమో మొదలుపెట్టే ముందే ఈ మూడు వైరస్‌ల పరీక్షలు ఉచితంగా చేయాలి. గల్ఫ్ పరీక్షలో అన్‌ఫిట్ అయిన మనిషిని నేరుగా వైద్యానికి పంపే ఏర్పాటు ఉండాలి. మందులు లేక కాదు. హెచ్‌ఐవీ మందులు 2004 నుంచి, హెపటైటిస్ సి మందులు 2018 జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. హెపటైటిస్ సి వల్ల ప్లీహంలో ఒక రకం లింఫోమా వచ్చిన 9 మందికి వైరస్ మందులే ఇస్తే 7 మందిలో ఆ క్యాన్సర్ పూర్తిగా తగ్గిందని 2002లోనే ప్రచురితమైంది. అనుమతి లేకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయడం, ఆ సంగతి బయటపెట్టడం, దాన్ని సాకుగా చూపి వివక్ష చూపడం 2017 చట్టం ప్రకారం నిషేధం. ఈ చట్టం ప్రతి కార్యకర్త దగ్గరా ఉండాలి.

ఈలోగా పేటల్లో ఒకటి చెప్పుకోవాలి. మెడలో, చంకలో, గజ్జల్లో గడ్డ వారాల తరబడి తగ్గకపోయినా, జ్వరం వదలకపోయినా, రాత్రిళ్లు ఒళ్లంతా చెమట పట్టినా, కారణం లేకుండా బరువు తగ్గినా, చిగుళ్ల నుంచి రక్తం కారినా ఆలస్యం చేయొద్దు. గడ్డ కనిపించగానే టీబీ అనుకుని మందులు వాడుతూ నెలలు గడపకుండా, ముక్క తీసి పరీక్ష చేయమని అడగండి.

గల్ఫ్ యజమానికి మన రక్తంలో ఏముందో కొన్ని రోజుల్లోనే తెలిసిపోతుంది. అదే సంగతి మన వైద్యం కోసం మన ప్రభుత్వానికి ఎందుకు తెలియకూడదు?