చారలే చిరునామా



తుళ్లూరులో మా పెద్దత్తయ్య పొద్దుగూకేవేళ మేతనుంచి మళ్ళే మందలో తన గేదెలను దూరంనుంచే ఆనవాలు పట్టేది. "అన్నీ నల్లగానే ఉన్నాయి గదత్తయ్యా, ఎలా?" అంటే, "దాని చెవి మీద గాటు చూడు, దీని కొమ్ము వంపు చూడు" అనేది. శాస్త్రజ్ఞులు అడవి జంతువులను గుర్తుపట్టేదీ ఈ పద్ధతిలోనేనంటే నమ్ముతారా?

మన నల్లమలనే చూడండి. నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి 1983 నుంచి పులుల రక్షిత ప్రాంతం. పూర్వం మన దేశంలో పులులను అడుగుజాడలతో లెక్కించేవారు. జాడ తడినేలలో ఒకలా, ఇసుకలో ఒకలా పడుతుంది. దాంతో ఒకే పులి రెండుగా లెక్కకెక్కేది. 2002 ప్రాంతంలో 3,642 పులులున్నాయన్నారు. తీరా 2005లో రాజస్థాన్‌లోని సరిస్కాలో ఒక్కటీ మిగల్లేదని తేలింది. 2006 కొత్త లెక్కలో దేశం మొత్తానికి వచ్చినవి సుమారు 1,411. డబ్బాలో బియ్యం ఉన్నాయిలెమ్మని ధీమాగా ఉండి, ఎసరు పెట్టాక మూత తీసి చూసినట్టయింది!

కొత్త పద్ధతి ఏమిటంటే, అడవిదారికి అటూ ఇటూ కెమెరాలు కడతారు. జంతువు ఎదురుగా వస్తే వాటంతటవే ఫోటో తీస్తాయి. రెండెందుకంటారా? ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవు సరే, ఒకే పులికి కుడిపక్క చారలు ఎడమపక్కలా ఉండవు. 1990లలో కర్ణాటకలోని నాగరహొళెలో డాక్టర్ ఉల్లాస్ కారంత్ ఈ పద్ధతిని అమలుచేసి చూపారు. 2018 లెక్కింపులో పులుల ఫోటోలే 76,651 వచ్చాయి. వాటిని పోల్చిచూస్తే తేలిన పులులు 2,461.

మరి ఫోటోకు చిక్కనివాటి మాట? ఇంట్లో చేసి చూడండి. డబ్బాలోంచి యాభై చిక్కుడు గింజలు తీసి, పసుపు రాసి, ఆరాక మళ్ళీ కలిపేయండి. బాగా కుదిపి మరో యాభై తీయండి. అందులో పసుపువి అయిదే వస్తే, పదింట ఒకటన్నమాట. అంటే డబ్బాలో మొత్తం సుమారు 500 గింజలు! పసుపు గుర్తు చేసే పనే అక్కడ పులిచారలు చేస్తాయి.

ఒడిశాలోని చిలకలో డాల్ఫిన్‌లనూ ఇలాగే లెక్కించారు. వాటికి చారలుండవు, వీపు మీది రెక్క అంచున పడిన గాట్లే గుర్తు. మా అత్తయ్య గేదె చెవి గాటు లాగానే!

ఈ సెలవుల్లో పిల్లలచేత గింజల లెక్క చేయించండి. ఆ తర్వాత, నిరుడు కనబడిన చారలు ఈ ఏడు ఏ ఫోటోలోనూ కనబడకపోతే అడవిలో ఎందుకు వెతుకులాట మొదలవుతుందో వాళ్ళకు మీరే చెప్పగలరు.