ఊరి బాట లెక్కలో మీ చెరుకు బండి ఉందా?

కోసిన చెరుకు 24 గంటల్లో గానుగకు చేరాలి. ఆలస్యమైన కొద్దీ గడ ఎండుతుంది, తూకం తగ్గుతుంది, చక్కెర శాతం పడిపోతుంది. బురదలో ట్రాక్టరు ఒక్క పూట దిగబడినా ఆ నష్టం రైతు నెత్తినే పడుతుంది. వడ్లు, మక్కలు, పసుపు సంగతీ అంతే. మంచి బాట లేకపోవడం కూడా సాగు ఖర్చే. మరి ఏ ఊరికి రోడ్డు వేయాలి, ఎంత వెడల్పు, ఎంత మందం అనేది ఎవరు నిర్ణయిస్తారు? రైతు ఎప్పుడు నోరు విప్పితే పని అవుతుంది?

ఏ రోడ్డు ఎవరిది?

ముందు ఇది తెలుసుకోండి. నిజామాబాద్ నుంచి బోధన్ పోయే పెద్ద రోడ్డు 63వ నంబరు జాతీయ రహదారి. ఇందల్వాయి మీదుగా పోయేది 44వ నంబరుది. మండల కేంద్రాలను కలిపే రోడ్లు చాలావరకు ఆర్ అండ్ బీ శాఖవి. ఊరి నుంచి ఊరికి పోయే రోడ్లు ఎక్కువగా పంచాయతీరాజ్ ఇంజినీరింగు శాఖవి. నిజాంసాగర్ కాలువ గట్ల మీది బాటలు నీటిపారుదల శాఖ కిందికి వస్తాయి. ఒక శాఖ రోడ్డు కోసం ఇంకో శాఖకు అర్జీ ఇస్తే కాగితం తిరుగుతూనే ఉంటది.

నక్షలో ఉంటేనే నిధులు

2000 డిసెంబరు 25న ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైంది. దీని కింద ప్రతి జిల్లాకు గ్రామీణ రోడ్ల ప్రణాళిక తయారు చేస్తారు. అందులో ఏ ఊరికి ఏ బాట ముఖ్యమో ఏరి ఒక నక్ష గీస్తారు. దాన్నే కోర్ నెట్‌వర్క్ అంటారు. మొదటి విడతలో మైదాన ప్రాంతంలో 500 జనాభా దాటిన ఆవాసాలకు అవకాశం ఇచ్చారు. 2019లో వచ్చిన మూడో విడతలో జనాభాతోపాటు మార్కెట్లు, బడులు, ఆస్పత్రులను చూసి మార్కులు వేశారు. 2024లో కేంద్రం ఆమోదించిన నాలుగో విడతలో ఇంకా రోడ్డు లేని ఆవాసాలకు 62,500 కిలోమీటర్లు వేయాలని లక్ష్యం పెట్టుకున్నారు.

మన బోధన్ రైతు ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చుట్టుపక్కల బండ్లన్నీ బోధన్ ముఖంగానే పోయేవి. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. మిగిలిన చెరుకు దూరపు ఫ్యాక్టరీలకు పోతోంది. వడ్లు కొనుగోలు కేంద్రానికి, పసుపు నిజామాబాద్ యార్డుకు పోతున్నాయి. 2025 జనవరిలో పసుపు బోర్డు కూడా నిజామాబాద్ కేంద్రంగానే మొదలైంది. సరుకు దారి మారింది. కానీ నక్ష తనంతట తాను మారదు. మారిన దారి గురించి ఇంజినీరుకు ఎవరో ఒకరు చెప్పాలి.

బండ్ల లెక్క ఎప్పుడు తీశారు?

రోడ్డు ఎంత మందం వేయాలో తేల్చేవి రెండు: నేల బలం, తిరిగే బండ్ల లెక్క. మన నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది. బలం తక్కువ కనుక కింద పొర ఎక్కువ మందం కావాలి. బండ్ల లెక్క విషయంలో గ్రామీణ రోడ్ల ప్రమాణం స్పష్టంగా చెబుతోంది. కనీసం మూడు రోజులపాటు, పంట తరలించే రోజుల్లో ఒకసారి, ఖాళీ రోజుల్లో ఒకసారి లెక్క తీయాలి. ఎండాకాలం మాత్రమే లెక్క తీస్తే మీ చెరుకు ట్రాక్టరు ఒక్కటీ అందులో కనిపించదు. అప్పుడు రోడ్డు పలచగా వస్తుంది, రెండు సీజన్లకే గుంతలు పడుతుంది.

ఇందులో మన వంతూ ఉంది. ఇరుసు మీద బరువు రెండింతలైతే రోడ్డుకు తగిలే దెబ్బ సుమారు పదహారింతలు. ట్రాలీని తాటిచెట్టంత నింపి తోలితే మన బాటను మనమే తవ్వుకున్నట్టు.

గట్టు పోయే ముందు నడక

ఈ పథకంలో భూమి కొనడానికి డబ్బులు ఉండవు. రైతులు ఇష్టపూర్వకంగా ఇస్తేనే బాట వెడల్పవుతుంది. అందుకని నక్ష ఖాయం చేసే ముందు ఇంజినీరు, సర్పంచి, రెవెన్యూ సిబ్బంది ఊరి జనంతో కలిసి ఆ బాట వెంట నడవాలి. ఆ రోజు మీరు తప్పక ఉండండి.

ఒక లెక్క చూడండి. ఇప్పుడు బండి బాట 4 మీటర్లు ఉంది, రోడ్డుకు మొత్తం 7.5 మీటర్లు కావాలి అనుకుందాం. బాట వెంట మీ పొలం 100 మీటర్లు ఉంటే, పెంచేదంతా మీ వైపే తీసుకుంటే సుమారు మూడున్నర గుంటలు పోతుంది. రెండు వైపులా సమానంగా తీసుకుంటే ఒకటిముప్పావు గుంటే. ఎకరం రైతుకు ఈ తేడా చిన్నది కాదు. ఆ నడకలో అడిగితే గీత జరుగుతుంది. కంకర పడ్డాక అడిగితే జరగదు.

వాన నీళ్లు ఎటు పోతాయో కూడా చూపించండి. రోడ్డు ఎత్తు లేపి తూము పెట్టకపోతే పై పొలం చెరువవుతుంది. నీళ్ల దారి ఇంజినీరు కన్నా మీకే బాగా తెలుసు.

పని చూసేది ఎవరు?

పని దగ్గర ఏఈ ఉంటారు. ఆయన పైన డీఈఈ, ఆ పైన ఈఈ. శాఖ చూసింది చాలదని రాష్ట్రం నుంచి, కేంద్రం నుంచి వేరే నాణ్యతా పరిశీలకులు కూడా వస్తారు. రోడ్డు పూర్తయ్యాక అయిదేళ్లు మరమ్మతు కాంట్రాక్టరుదే. రోడ్డు మొదట్లో ఉండే బోర్డు మీద ఖర్చు, కాంట్రాక్టరు పేరు, గడువు రాసి ఉంటాయి. ఆ అయిదేళ్లలో గుంత పడితే ఊళ్లో చందాలు వేసుకుని మొరం పోయకండి. బోర్డు వివరాలతో అర్జీ రాయండి.

రైతులు చేయాల్సినవి

* మీ బాట ఏ శాఖదో, జిల్లా నక్షలో ఉందో లేదో పంచాయతీరాజ్ ఇంజినీరింగు ఆఫీసులో అడగండి.
* ఏ నెలలో ఎన్ని ట్రాక్టర్లు, లారీలు ఎటు పోతాయో ఊళ్లోనే ఒక పుస్తకంలో రాయండి.
* ఆ లెక్క జతచేసి గ్రామసభలో తీర్మానం చేయించండి.
* భూమి ఇచ్చేవారు ఎంత ఇస్తున్నారో కాగితం మీద కొలతతో రాయించుకుని నకలు దాచుకోండి.
* జవాబు రాకపోతే సోమవారం కలెక్టరు ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

"మా ఊరికి రోడ్డు కావాలి" అనే అర్జీలు ఆఫీసుల్లో కట్టలుగా ఉంటాయి. "కోతల నెలలో ఈ బాటన రోజుకు ఇన్ని ట్రాక్టర్లు పోతున్నాయి, ఇదిగో లెక్క" అనే అర్జీని పక్కన పెట్టడం అంత తేలిక కాదు. ఈ సీజన్ నుంచే పుస్తకం మొదలుపెట్టండి.