అమ్మ మాటలు టీవీకి చేరిన కథ

మా అన్నయ్య డల్లాస్‌లో తన ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ కొని దాని మీద ఆస్టరిస్క్ అనే ఉచిత ఫోన్ ఎక్స్ఛేంజీ సాఫ్ట్‌వేర్ పెట్టాడు. తెనాలిలో ఉన్న అమ్మకు బటన్లూ రిసీవరూ ఉన్న ఐపీ ఫోన్ పంపాడు. వాట్సాప్ ఉండగా ఇదంతా ఎందుకని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. అమ్మ లెక్కలో ఫోనంటే చెవికి ఆనించుకునేది, కోపమొస్తే గట్టిగా పెట్టేయగలిగేది. తెరను వేలితో తోస్తే ఆ కోపం అవతలివాళ్లకు తెలియదు.

మొదటి రోజు అమ్మ ఫోన్ చేసింది. అక్కడ మోగింది, అన్నయ్య ఎత్తాడు, ఇద్దరికీ ఏమీ వినపడలేదు.

పీపీ నంబరు గుర్తుందా? వీధి మొత్తానికి ఒకరింట్లో ఫోనుండేది, మిగతావాళ్లంతా అదే నంబరు పంచిపెట్టేవాళ్లు. ఇంట్లో రౌటర్ పనీ అదే. బయటి ప్రపంచానికి ఇంటికంతా ఒకటే అడ్రసు. టీవీ, ల్యాప్‌టాప్, మొబైళ్లు అన్నీ దాని చాటున ఉంటాయి. లోపలినుంచి ఎవరైనా బయటికి పలికితే రౌటర్ ఆ సంగతి రాసిపెట్టుకుని, జవాబు రాగానే వాళ్లకే ఇస్తుంది. పిలవకుండా వచ్చినదాన్ని ఎవరికివ్వాలో తెలియక పారేస్తుంది. పోర్ట్ ఫార్వార్డింగ్ అంటే ఆ ఫోనున్న ఇంటావిడకు ముందే చెప్పుకోవడం: “ఈ నంబరు మీద ఏదొచ్చినా వెనక వాటా వాళ్లకేనండీ” అని.

ఈ ఫార్వార్డింగ్ కావలసింది పిలుపులు అందుకునే సర్వర్ ఉన్నచోట, అంటే డల్లాస్‌లో. అమ్మ ఫోను తానే బయటికి వెళ్లి సర్వర్‌కు హాజరు వేయించుకుంటుంది, అరనిమిషానికోసారి మళ్లీ పలకరిస్తూ ఆ దారి మూసుకుపోకుండా చూసుకుంటుంది. తెనాలిలో పోర్టులు తెరవక్కర్లేదు. తెరిచినా పనిచెయ్యదు. అక్కడి రౌటర్‌లో వ్యాన్ అడ్రసు, అంటే బయటివైపు అడ్రసు, 100.64తో మొదలైంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రసులను 2012లో ఇంటర్నెట్ కంపెనీల లోపలి వాడకానికి కేటాయించారు. అంటే మన రౌటర్ ముందు కంపెనీవాళ్ల రౌటర్ ఇంకొకటి ఉందని అర్థం. మన తలుపు బార్లా తీసినా వీధి గేటు తాళం వాళ్ల దగ్గరుంటుంది. ఇది తెలిసేలోపు నాకో ఆదివారం ఖర్చయింది.

డల్లాస్ వైపు రెండు రకాల రాకపోకలు. “ఫోనొచ్చింది, ఎత్తాను, పెట్టేశాను” లాంటి కబుర్లు ఎస్ఐపీ పద్ధతిలో 5060 పోర్టు మీద నడుస్తాయి. గొంతు వేరే దారిన, ఆర్‌టీపీ ప్యాకెట్లుగా, సెకనుకు 50 చొప్పున వెళ్తుంది. దానికి ఆస్టరిస్క్ అలవాటుగా 10000 నుంచి 20000 దాకా పోర్టులు అడుగుతుంది. ఇద్దరు మాట్లాడుకోవడానికి పట్టేవి నాలుగు. అన్నయ్య చేత దాన్ని 10000–10100కు కుదింపజేశాను, ఆస్టరిస్క్‌లోనూ రౌటర్‌లోనూ అదే అంకె. రెండు దారులూ యూడీపీయే. పోర్టు తెరుచుకుందో లేదో చెప్పే వెబ్‌సైట్లు చాలావరకు టీసీపీ అనే వేరే పద్ధతినే చూసి, అన్నీ మూసే ఉన్నాయని బెదరగొడతాయి. ఇంకొకటి, రాస్ప్‌బెర్రీ పై పెట్టెకు ఇంట్లో ఒకే అడ్రసు ఉండేలా రౌటర్‌లో రిజర్వ్ చేయాలి. లేకపోతే కరెంటు పోయి వచ్చాక అది ఇంకో అడ్రసులో కాపురం పెడుతుంది. అమెరికాలో కరెంటు పోదనుకోకండి. 2021 ఫిబ్రవరి మంచు తుఫానుకు టెక్సాస్‌లో లక్షల ఇళ్లు చీకట్లో గడిపాయి.

ఇంత చేసినా నిశ్శబ్దం అలాగే ఉంది.

అప్పుడు సర్వర్ పంపుతున్న సందేశాన్ని తెరిచి చూశాం. “నీ గొంతు ఈ అడ్రసుకు పంపు” అని చెప్పే వరుసలో 192.168.1.50 అని ఉంది. అది డల్లాస్ ఇంటి లోపలి అడ్రసు. 192.168తో మొదలయ్యేవి ఇంటి లోపల మాత్రమే చెల్లుతాయి, ఎన్ని కోట్ల ఇళ్లలో ఉన్నాయో లెక్కలేదు. ఊరి పేరు లేకుండా “రామాలయం వీధి, రెండో ఇల్లు” అని రాసినట్టు. రామాలయం వీధి తెనాలిలోనూ ఉంటుంది కదా. అమ్మ ఫోను మర్యాదగా తనింట్లో 192.168.1.50ని వెతికింది, దొరికింది కూడా. అది హాల్లో టీవీ. అమ్మ అడిగిన క్షేమసమాచారాలన్నీ టీవీకి చేరాయి, అది పట్టించుకోలేదు. అవతల ఆస్టరిస్క్, గొంతు ఎటునుంచి వస్తే అటే బదులు పంపుదామని కూర్చుంది, అందుకే అన్నయ్య మాటా ఇటు రాలేదు.

ఆస్టరిస్క్‌లో ఎక్స్‌టర్నల్ మీడియా అడ్రస్ అనే చోట ఇంటి అసలు పబ్లిక్ అడ్రసు రాస్తే మాటలు వినపడ్డాయి. సరిగ్గా ముప్ఫై రెండు సెకన్లు. తర్వాత తెగింది. మళ్లీ చేసినా 32 దగ్గరే. ఎప్పుడంటే అప్పుడు తెగితే లైను బాగాలేదనుకోవచ్చు, గడియారం చూసుకుని తెగితే ఎవరో తెంపుతున్నారని అర్థం. పైగా అమ్మ చేస్తేనే తెగుతోంది, అన్నయ్య చేస్తే లేదు. ఎస్ఐపీలో “ఎత్తాను” అని సర్వర్ చెప్పాక, “సరే, విన్నాను” అని ఫోను బదులివ్వాలి. ఆ బదులు రాకపోతే సర్వర్ 32 సెకన్లపాటు చెప్పిందే చెప్పి, విసిగి పెట్టేస్తుంది. కబుర్లకు వాడే అడ్రసు వేరే గడిలో ఉంటుంది, దాన్ని మేం మార్చలేదు. అమ్మ ఫోను “సరే”లు ఇంకా టీవీకే వెళ్తున్నాయి.

రెండో గడీ నింపాం. రౌటర్‌లో ఎస్ఐపీ ఏఎల్‌జీ అని ఒక మీట ఉంటే అదీ ఆపేశాం. ఈ అడ్రసుల్ని దారిలోనే దిద్దిపెడతానని వచ్చిన సదుపాయమది. దిద్దకముందే నయమనిపించేలా దిద్దుతుంది.

5060 తెరిచిన మర్నాడే ఆస్టరిస్క్ లాగ్ నిండిపోయింది. ఎక్కడెక్కడి యంత్రాలో 100, 101, 102 అంటూ వరసగా లోపలికి రావడానికి చూస్తున్నాయి. దొరికిన ఎక్స్ఛేంజీ నుంచి ఖరీదైన విదేశీ నంబర్లకు ఫోన్లు చేసుకోవడం వాళ్ల వ్యాపారం. అన్నయ్య పెట్టెకు బయటి ఫోను లైను లేదు కాబట్టి బిల్లు భయం లేదు. కానీ అమ్మ నంబరు 101. పాస్‌వర్డ్ కూడా 101. అమ్మకు గుర్తుండాలని అలా పెట్టానన్నాడు. ఆ పాస్‌వర్డ్ ఫోను సెట్టింగులో ఒక్కసారి నింపితే చాలు, అమ్మ ఎప్పుడూ కొట్టనక్కర్లేదు. ఇప్పుడది ఇరవై అక్షరాలుంది, అమ్మకు తెలియదు.