తలకు తగిలిందా... ఆట ఆపాల్సిందే!

కిట్టు సర్దుకుని శంకర్‌పల్లి నుంచి పొరుగూరి టోర్నమెంటుకు వెళ్లే పిల్లల విషయంలో పెద్దలు మరవకూడని జాగ్రత్త ఒకటుంది... తల!

1962 మార్చి. వెస్టిండీస్ పర్యటనలో ఉన్న భారత కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ తలకు బార్బడోస్‌లో చార్లీ గ్రిఫిత్ వేసిన బంతి తగిలింది. హెల్మెట్లు లేని రోజులవి. పుర్రె చిట్లింది. ప్రత్యర్థి కెప్టెన్ ఫ్రాంక్ వారెల్ రక్తమిచ్చాడు. ప్రాణం దక్కింది కానీ, 28 ఏళ్లకే టెస్టు జీవితం ముగిసింది.

ఎముక విరగకపోయినా లోపల మెదడు అదిరిపోవచ్చు. తలనొప్పి, వాంతి, మగత, తికమక కొన్ని గంటల తర్వాతా బయటపడొచ్చు. అందుకే 2019 నుంచి అంతర్జాతీయ క్రికెట్లో అలాంటి ఆటగాడి బదులు మరొకరిని దించుతున్నారు.

ఊరి జట్టుకూ అదే దారి. పిల్లాడు 'నాకేం కాలేదు సార్' అన్నా ఆ రోజుకు ఆట బంద్. ఒంటరిగా వదలొద్దు. మగతగా ఉన్నా, వాంతులవుతున్నా వెంటనే 108కి ఫోన్ చేయాలి. కప్పుదేముంది... వచ్చే ఏడాదీ గెలవొచ్చు!