తిరిగి గురి పట్టేవారికి తగిన గాలి తుపాకి

తుపాకి అనే మాట చెవిని పడగానే మన సీమవారికి సాధారణంగా రెండు విషయాలు స్ఫురిస్తాయి. ఒకటి, అడవి అంచు పల్లెలలో చాటుమాటుగా వుండే నాటు తుపాకి. రెండవది, తిరుపతి గంగ జాతరలోనో, ఊరి తిరునాళ్ళలోనో రంగురంగుల బెలూన్లు గ్రుచ్చిన పలక ముందు అంగడివాడు ఇన్ని రూపాయలకు ఇన్ని గుళ్ళని లెక్కపెట్టి చేతికిచ్చే తుపాకి. ఈ రెండింటితోను మాకు ప్రస్తుతం పనిలేదు. మేము ప్రస్తావింపదలచినది మూడవది. పది మీటర్ల దూరంలో నిలిపిన కాగితపు లక్ష్యాన్ని, నిలుచుండి, గాలి బలంతో వెలువడే చిన్న సీసపు గుండుతో ఛేదించే క్రీడా పరికరము. ఈ పోటీకి 1984 నాటి లాస్ ఏంజిలిస్ ఒలింపిక్ క్రీడలలో మొదటిసారి స్థానం లభించింది. 2008లో బీజింగులో అభినవ్ బింద్రా బంగారు పతకాన్ని, 2012లో లండనులో హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్య పతకాన్ని సాధించినది ఈ పోటీలోనే.

మన కళాశాలలలో ఈ ముచ్చట అధికభాగం ఎన్.సి.సి.తో మొదలవుతుంది. ఉన్నత పాఠశాలలోనో, ఇంటర్మీడియటులోనో పడుకొని .22 రైఫిలు కాల్చినవాడు, తన ఐదు గుళ్ళూ ఒకేచోట దగ్గరగా పడినాయని సుబేదారుగారు మెచ్చుకొనగా పొంగిపోయినవాడు, ఆ రుచిని మరువలేడు. ఉర్దూలో చెప్పాలంటే అది నిషానా షౌక్. తరువాత పరీక్షలు వస్తాయి, అక్కగారి వివాహం వస్తుంది, తండ్రిగారి అంగడి బాధ్యత మీద పడుతుంది. నాలుగేళ్ళో, పదేళ్ళో గడచిపోతాయి. మళ్ళీ మొదలుపెట్టాలని సంకల్పించి మావంటివారిని అడిగే ప్రశ్న ఒక్కటే: “తక్కువ ధరలో, ఇబ్బంది పెట్టని తుపాకి ఏది?” ఈ ప్రశ్నకు సరియైన జవాబు దొరకక ఆటనే వదలుకొన్నవారిని మేము ఎరుగుదుము.

అటువంటి ఒక విద్యార్థి కథ చెప్పి అసలు విషయానికి వస్తాము. చిత్తూరు దగ్గరి ఒక చిన్న ఊరివాడు. ఇంట్లో కుట్టుమిషను ఆదాయమే ఆధారం. మంచి చేతివాటం గలవాడు. రెండేళ్ళు విరామం తరువాత, తల్లి చీటీ డబ్బులతో ఒక వర్తకుని వద్ద సెకండ్ హ్యాండు విదేశీ రైఫిలు కొన్నాడు. చూడముచ్చటైన పరికరము. అయితే దాని గాలి సిలిండరుకు గడువు తీరిపోయింది. కొత్త సిలిండరు ధర వింటే కళ్ళు తిరిగినాయి. ఉన్నదానిలో గాలి నింపేవారు దగ్గరలో లేరు. ఆ రైఫిలు బీరువాపై పడివుంది. ఆ కుర్రవాడు ఇప్పుడు దానివైపు చూడడు. ఏనుగును కొని అంకుశానికి వెనుదీసినట్లని అతనిని నిందించటం తేలిక. కాని అంకుశమొకటి కొనవలసి వుంటుందని అతనికి ముందుగా చెప్పినవారెవరు?

గాలి తుపాకిలో గాలి ఎక్కడనుండి వస్తుందనేది మొట్టమొదట తెలుసుకొనదగిన సంగతి. తక్కినవన్నీ దాని తరువాతివే.

అన్నింటికన్న పాతదీ, చవకైనదీ స్ప్రింగు పద్ధతి. గొట్టాన్ని విరిచి వంచగానే లోపలి బలమైన స్ప్రింగు ముడుచుకొంటుంది. ట్రిగ్గరు నొక్కగానే అది విడివడి ముషలకాన్ని ముందుకు త్రోస్తుంది. ముషలకం ముందరి గాలి ఒక్కసారిగా అణగి గుండును తరుముతుంది. దీనికి సిలిండరు వద్దు, పంపు వద్దు. జాతరలో మనం చూచేది ఇదే. ఒకప్పుడు ఇండియన్ హ్యూమ్ పైప్ కంపెనీవారు ‘నేషనల్’ పేరుతో తయారుచేసిన తుపాకులు కూడ ఈ జాతివే. అయితే దీనికొక దుర్గుణం వున్నది. గుండు ఇంకా గొట్టంలో వుండగానే స్ప్రింగు కదలిక వలన తుపాకి అటూ ఇటూ ఉలికిపడుతుంది. చేయి ప్రతిసారీ ఒకే విధంగా పట్టకపోతే గుండు ఒకేచోట పడదు. దానిని బిగించి పట్టరాదు. అరచేతిపై తేలికగా నిలిపి, ఉలికిపాటును దాని మానాన దానిని పోనివ్వాలి. ఈ సంగతి తెలియని క్యాడెట్లు, .22 రైఫిలు అలవాటున భుజానికి గట్టిగా అదుముకొని కాల్చి, తుపాకి చెడ్డదని తీర్మానిస్తారు.

రెండవది ఒకే త్రోపు పద్ధతి. ప్రక్కనున్న లీవరును ఒక్కసారి తెరచి మూయగానే గాలి ఒక చిన్న గదిలో బంధింపబడుతుంది. కాల్చినపుడు స్ప్రింగు వలె కుదుపు వుండదు. ప్రతి గుండూ దాదాపు ఒకే వేగంతో పోతుంది. ఐరోపా పోటీలలో కొన్ని దశాబ్దాల క్రితం రాజ్యమేలినవి ఇవే. వీటిలో చెడిపోయేవి ముఖ్యంగా రబ్బరు సీళ్ళు. సీళ్ళు మార్చగలిగితే వయసు మళ్ళిన రైఫిలు సైతం నిక్షేపంగా పనిచేస్తుంది. తిరిగివచ్చే ఆటగానికి మా మొదటి సలహా, దొరికితే, ఇదే. లీవరు త్రిప్పటానికి కొంత బలం కావాలన్నది ఒక్కటే లోపం.

మూడవది ముందుగా నింపిన గాలి పద్ధతి. పీ.సీ.పీ. అని అందరూ అనేది దీనినే. గొట్టం క్రింద సిలిండరులో సుమారు 200 బార్ల పీడనంతో గాలి నిలువ వుంటుంది. కుదుపు లేదు, శ్రమ లేదు. ఒకసారి నింపితే వందల గుళ్ళు. నేటి పెద్ద పోటీలన్నీ దీనితోనే నడుస్తాయి. కాని 200 బార్లంటే ఏమిటో విద్యార్థులు ఊహించుకోవాలి. లారీ చక్రంలోని గాలి సుమారు 8 బార్లే. పంక్చరు అంగడి కంప్రెసరు దీనిముందు ఎందుకూ చాలదు. చేతిపంపుతో నింపవచ్చు గాని, చెమటతోపాటు గాలిలోని తేమ కూడ లోపలికి పోతుంది. ఆ తేమ లోపలి భాగాలను తినివేస్తుంది. ఆసుపత్రి ఆక్సిజను సిలిండరుతో నింపుదామన్న ఆలోచన ఎవరికైన వస్తే, దానిని అక్కడే చంపివేయాలి. అధిక పీడనంలోని ఆక్సిజను నూనె తగిలితే ప్రేలుతుంది, ప్రాణాలు పోతాయి. ఇక సిలిండరు పైనే తయారీ తేదీ ముద్రించి వుంటుంది. ప్రసిద్ధులైన ఐరోపా తయారీదారులు పోటీ రైఫిళ్ళ సిలిండర్లకు పదేళ్ళ గడువు విధించటం పరిపాటి. సెకండ్ హ్యాండు రైఫిలు చూడబోయినవారు మొదట చదువవలసినది ఆ తేదీయే, తరువాతనే కట్టె నునుపు. మన విద్యార్థి చదువనిది సరిగ్గా అదే.

విదేశాలలో యువకులు ఆడుకొనే పెయింట్‌బాల్ అనే రంగుగుళ్ళ ఆటలోనూ ఇదే తగువు వున్నది. 1981లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ అడవిలో పన్నెండుగురు కలసి ఆ ఆట మొదటిసారి ఆడినపుడు వాడినవి, చెట్లకూ పశువులకూ రంగు గుర్తులు వేయటానికి తయారైన పిస్తోళ్ళు. ఆ ఆటకు తిరిగి వచ్చేవారిని కూడ, గాలి నింపే చోటు, సీళ్ళు మార్చే మనిషి అందుబాటులో వున్నారా అనే ప్రశ్నే ఎదుర్కొంటుంది. కొత్త నమూనాల మోజు తరువాతి సంగతి.

తుపాకి చేతికి వచ్చినపుడు దానిని పరీక్షించే విధానం కష్టమైనది కాదు. పది మీటర్ల దూరాన తెల్లకాగితం నిలిపి, ముంజేతిని దిండుపై ఆనించి ఐదు గుళ్ళు కాల్చాలి. అవి కాగితంపై ఎక్కడ పడినాయన్నది ముఖ్యం కాదు. దానిని సైట్లతో సవరించుకోవచ్చు. ఎంత దగ్గరగా పడినాయన్నదే ముఖ్యం. ఐదు రంధ్రాలనూ చొక్కా గుండీతో కప్పగలిగితే ఆ తుపాకి మంచిది. రూపాయి బిళ్ళ అవసరమైతే ప్రాథమిక అభ్యాసానికి పనికివస్తుంది. అంతకుమించి చెదరితే, కాల్చేవారిని మార్చి మరొకసారి చూడాలి. అప్పుడూ చెదరితే దానిని వదలివేయటమే మేలు. చెదరటానికి సైట్ల సవరణలో మందు లేదు. స్ప్రింగు తుపాకిని గుండు పెట్టకుండ ‘ఉత్తగా’ కాల్చి చూపించే అమ్మకందారు వద్ద కొనరాదు. ముషలకం అడ్డులేక పోయి గోడకు కొట్టుకొంటుంది. ఆ అలవాటున్నవాడు దానిని ఎన్నిమారులు అలా కాల్చివుంటాడో ఎవరికెరుక?

తుపాకి ఒంటికి సరిపోవాలి. మోచేతి మడతలో మడమ నానించి పట్టినపుడు చూపుడువేలు ట్రిగ్గరును సుఖంగా అందుకోవాలి. పోటీ నిబంధనలు 5.5 కిలోల వరకు బరువును అనుమతిస్తాయి గాని, చాలాకాలం విరామం తరువాత నిలుచుండి అంత బరువు మోయబోతే మొదటి వారంలోనే నడుము పట్టుకొంటుంది. ఎడమకన్ను ప్రధానమైనవారు కుడిచేతివాటానికి చెక్కిన కట్టెను కొనరాదు. ఏ కన్ను ప్రధానమో తెలుసుకోవాలంటే, దూరపు వస్తువును వ్రేలితో చూపి, ఒక్కొక్క కన్ను మూసి చూస్తే చాలు. ఏ కన్ను తెరచివున్నపుడు వ్రేలు కదలకుండ వుంటుందో అదే.

సైట్ల సంగతిలో తిరిగివచ్చేవారికి ఒక ఓదార్పు వున్నది. అంతర్జాతీయ నిబంధనల క్రింద పీప్ సైటు పోటీలే జరుగుతాయి. మనదేశపు నిబంధనల క్రింద ఓపెన్ సైటు రైఫిలుకు వేరు విభాగం వుంటూ వచ్చింది. దేశవాళీ తుపాకితో కూడ పోటీ బరిలో నిలువవచ్చునన్నమాట. మహారాష్ట్రకు చెందిన ప్రెసిహోల్ వంటి సంస్థలు నేడు క్రీడకు తగిన రైఫిళ్ళను మనదేశంలోనే తయారుచేస్తున్నవి. విదేశీ పోటీ రైఫిలు ధర లక్షలలో వుంటుంది. దేశవాళీ స్ప్రింగు తుపాకి వేలలో ముగుస్తుంది.

వేగాన్ని చూచి మోసపోవటం ఈ కాలపు జాడ్యం. సెకనుకు వెయ్యి అడుగులని పెట్టెపై పెద్ద అక్షరాలు. పోటీ రైఫిలు గుండు బరువు సుమారు 0.53 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 170 మీటర్లు. భౌతికశాస్త్ర విద్యార్థులు గుణించి చూస్తే శక్తి 7.6 జౌళ్ళ కొలదిగా తేలుతుంది. పది మీటర్ల కాగితానికి అంతే చాలును. లక్ష్యంలో పది మార్కుల చుక్క వ్యాసం కేవలం అర మిల్లీమీటరు. అక్కడ వేగం చేసే ఉపకారమేమిటి?

చట్టం విషయం కూడ ఇక్కడనే చెప్పుకోవాలి. 2016 నాటి ఆయుధ నియమాలు గాలి తుపాకులకు 20 జౌళ్ళ శక్తినీ, 4.5 మి.మీ. కొలతనూ హద్దులుగా పేర్కొన్నవి. క్రీడా రైఫిలు ఈ హద్దులకు లోబడేదే. అయినా రసీదు లేని తుపాకిని కొనరాదు; కొన్న తరువాత రసీదు నకలు సంచిలోనే వుంచాలి; సందేహముంటే స్థానిక పోలీసు స్టేషనులో ముందుగా విచారించాలి. శేషాచలం అడవిలో పిట్టలపై ప్రయోగించటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పోటీకి పోతూ దారిలో కొండకు వెళ్ళివద్దామనుకొనేవారు రైఫిలును బంధువుల ఇంట భద్రపరచి పోవలెను. అలిపిరి తనిఖీ వద్ద వాదించి ప్రయోజనం లేదు.

ఖర్చులో అందరూ మరచేది గుళ్ళు. పోటీలో లెక్కకు వచ్చేవి 60. వారానికి నాలుగు దినాలు అన్నేసి కాల్చినా నెలకు వేయి దాటుతాయి. అంటే 500 గుళ్ళ డబ్బాలు రెండు. తుపాకి ఒకసారి కొనేది. డబ్బాలు నెలనెలా కొనేవి. చేతిలో వున్న సొమ్ములో మూడవవంతు గుళ్ళకని తీసిపెట్టి, మిగిలినదానితోనే తుపాకి వెదకాలని మా అభిప్రాయం. తల చదునుగా వున్న గుళ్ళే కొనాలి; అవి కాగితాన్ని గుండ్రంగా కత్తిరించినట్లు కోస్తాయి, మార్కు లెక్కించటంలో తగవు రాదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ఒక్క ఖరీదైన విదేశీ రైఫిలును కొని అద్దాల బీరువాలో పెట్టటం కన్న, నాలుగు దేశవాళీ రైఫిళ్ళు, గుళ్ళను పట్టే ఇనుపపెట్టెలు, ఏడాదికి సరిపడు గుళ్ళు కొనటం శ్రేయస్కరం. వాటిలో రెండైనా ఆడపిల్లలు సులభంగా ఎత్తగలిగే బరువువి కావాలి. స్థలానికి కొత్త భవనం అక్కరలేదు. ద్వారాలు తెరుచుకోని ఒక పొడవాటి వరండా, చివర గట్టి గోడ, నేలనుండి 1.4 మీటర్ల ఎత్తున లక్ష్యం నిలిపే చట్రం, కాల్చేవారి వెనుక మాత్రమే ఇతరులు నిలబడాలనే నియమం, తాళంచెవి బాధ్యత వహించే ఒక అధ్యాపకుడు వుంటే చాలు. ఇంటికొక తుపాకి కొనలేని విద్యార్థి, నెలకు ఒక డబ్బా గుళ్ళు కొనుక్కొని వచ్చి ఇక్కడ అభ్యసిస్తాడు. వరండా చివర ఒక కుళాయి, సబ్బు కూడ వుండాలి. గుళ్ళు సీసానివి కనుక, కాల్చిన తరువాత చేతులు కడుగకుండ ఎవరినీ భోజనశాలకు పంపరాదు.