త్రిపుర సంహార గాథ - గ్రహాంతర యుద్ధ కల్పన: ఒక పరిశీలన

శ్రీశైల క్షేత్రానికి తూర్పు ద్వారంగా ప్రసిద్ధమైన త్రిపురాంతకం పేరులోనే ఒక యుద్ధగాథ ఉంది. శత్రువుల మూడు పురాలను శివుడు ఒక్క బాణంతో కూల్చిన కథ అది. ఆ పురాలను అంతరిక్ష నౌకలుగా, ఈ యుద్ధాన్ని గ్రహాంతరవాసులపై పోరుగా వ్యాఖ్యానించడం నేడు తరచు వినవస్తున్నది. ఈ పోలిక ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వ్యాసభారత కర్ణపర్వం ప్రకారం తారకాసురుని ముగ్గురు కుమారులకు మయుడు పురాలు నిర్మించాడు. స్వర్ణపురం స్వర్గంలో, రజతపురం అంతరిక్షంలో, లోహపురం భూమిపై ఉన్నాయి. వేయేండ్లకు అవి ఒకటైనప్పుడు ఒకే బాణంతో కూల్చాలి. శివతేజంలో సగాన్ని భరించలేమన్న దేవతలు తమ తేజస్సులో సగాన్ని ఆయనకిచ్చారు. భూమి రథమైంది, విష్ణువు బాణమయ్యాడు, బ్రహ్మ సారథ్యం వహించాడు.

1898లో వెలువడిన హెచ్.జి. వెల్స్ నవల 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్'లో అంగారకవాసుల ముందు బ్రిటిష్ సైన్యం నిలవలేదు. వారిని చంపినవి సూక్ష్మజీవులు. అక్కడ శత్రువు పూర్తిగా పరాయివాడు. త్రిపురాసురులు అటువంటివారు కారు. వారికి వరమిచ్చిన బ్రహ్మే వారిపై నడిచిన రథానికి సారథి. తామిచ్చిన బలాన్ని తామే అదుపు చేయవలసి రావడం ఈ గాథలోని కీలకాంశం.

కర్ణునికి సారథ్యం వహించేందుకు శల్యుని ఒప్పించడానికి దుర్యోధనుడు ఈ కథ చెబుతాడు. అందువల్ల ఇందులో ప్రధాన ప్రశ్న యంత్రశక్తి గురించినది కాదు, పగ్గాలు ఎవరి చేతిలో ఉండాలన్నది. పురాలను నౌకలుగా మార్చే వ్యాఖ్యానంలో ఈ సందర్భమే లోపిస్తుంది. తరగతి గదిలో ఈ గాథను బోధించేటప్పుడు ముందుగా నిలబెట్టవలసినది ఆ సందర్భాన్నే.