రేకుల కప్పుకూ పట్టూ విడుపూ

షోలాపురంలో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు మగ్గమూ, రేకుల షెడ్డూ కొత్తవి కావు. తక్కువ ఖర్చుతో నీడ కావాలంటే రేకుల కప్పే గదా! ఆ కప్పు వేసేటప్పుడు ఇంటివారు మేస్త్రిని అడిగే మాట ఒక్కటే: "గట్టిగా బిగించావా?" మేమూ ఆ మాటే అడిగినవాళ్ళం.

మా పెరటి షెడ్డుకు పది మీటర్ల పొడవు గల అల్యూమినియం రేకులు వేయించాము. పైనుంచి చూరు దాకా స్క్రూలు బిగించి, గోడను తాకే అంచును సిమెంటులో పూడ్పించి, ఇక కదలదని సంతోషించాము. వేసవి వచ్చింది. సాయంత్రం పొద్దు వాలగానే కప్పుమీద టప్పుటప్పుమని చప్పుళ్ళు. పిల్లి నడుస్తోందని మా నాయనమ్మ అనేది. రెండో ఏడు వానలకు అసలు సంగతి బయటపడింది. గోడ దగ్గర సిమెంటు బీటలు వారింది. స్క్రూల చుట్టూ బెజ్జాలు సాగి, నీళ్ళు తిన్నగా మగ్గం మీది పడుగులోకి దిగాయి. ఒక వారం కష్టం నీళ్ళపాలయింది.

బండిచక్రానికి ఇనుప పట్టా వేయడం మన పెద్దలు చూసే వుంటారు. కమ్మరి పట్టాను ఎర్రగా కాల్చగానే అది సాగి చక్రం మీదికి ఎక్కుతుంది. నీళ్ళు పోయగానే బిగుసుకుంటుంది. మన కప్పుమీద ఎండా రాత్రీ చేసే పని కూడా అదే.

చలికాలపు తెల్లవారుజామున 15 డిగ్రీలుండే రేకు, వేసవి మధ్యాహ్నపు ఎండకు 65 డిగ్రీల దాకా కాగవచ్చు. ఆ 50 డిగ్రీల తేడాకు పది మీటర్ల ఉక్కు రేకు సుమారు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. అల్యూమినియం రేకైతే దాదాపు రెట్టింపు, అంటే 11 మిల్లీమీటర్ల పైమాటే. కింది చట్రం నీడలో వుంటుంది గనుక అంతగా సాగదు. మధ్యన నలిగేది స్క్రూ, రబ్బరు వాషరు, బెజ్జము.

కాబట్టి పొడవైన రేకును ఒకచోటనే కదలకుండా పట్టాలి, సాధారణంగా పై అంచున. మిగిలినచోట్ల బెజ్జం రేకు పొడవువైపు కొంచెం కోలగా వుండాలి. దానిని పూర్తిగా కప్పే వెడల్పాటి వాషరు వేయాలి. వాషరు ఆనితే చాలు, నలిగి పక్కకు ఉబ్బకూడదు. గోడ దగ్గర సందు విడిచి, దానిపైన గోడకు మాత్రమే బిగించిన మడతరేకు కప్పాలి. సిమెంటుతో పూడ్చకూడదు. ఎండవేళ బిగించేవారు రేకు అప్పటికే సాగి వుందనీ, చల్లనివేళ బిగించేవారు ఇంకా సాగుతుందనీ గుర్తుంచుకోవాలి. రెండు మూడు మీటర్ల రేకులకు ఇంత బెంగ అక్కరలేదు.

అయితే విడుపు అంటే వదిలివేయడం కాదు. స్క్రూల సంఖ్య తగ్గిస్తే గాలివానకు కప్పే లేచిపోతుంది. రేకు పక్కకు జరగాలి గాని పైకి లేవకూడదు.

మేము గోడ దగ్గరి సిమెంటు తీయించి, సాగిన బెజ్జాలున్న రేకులు మార్పించి, ఈ పద్ధతిన మళ్ళీ వేయించాము. తరువాతి వానలకు పడుగు తడవలేదు. ఇప్పుడు మేస్త్రిని మేము అడిగే మాట వేరు: "ఎక్కడ పట్టావు, ఎక్కడ విడిచావు?"